పాటతో పాటే వచ్చే దిద్దుబాటు

జీపీఎస్ తప్పు చోటు చూపిస్తే మనం తిట్టేది ఉపగ్రహాన్ని. పాపం, తప్పంతా దానిది కాదు. దాని సిగ్నల్ వాతావరణం పైభాగంలోని విద్యుదావేశ పొర, అంటే అయనావరణం దాటి నేలకు చేరేలోపు కాస్త ఆలస్యమవుతుంది. ఒక్క నానోసెకను తేడా వస్తే దూరం లెక్క 30 సెంటీమీటర్లు తప్పుతుంది. ఈ తప్పును ఉన్న రేడియో స్టేషన్లతోనే దిద్దవచ్చని 1990లలోనే తేలింది. అయినా అపోహలు పోలేదు.

అపోహ: రేడియో టవరే మన చోటు కనిపెడుతుంది.

వాస్తవం: చోటు చెప్పేది ఉపగ్రహాలే. రేడియో మోసుకొచ్చేది వాటి తప్పుల చిట్టా. పక్కాగా కొలిచిన చోట ఒక రిసీవర్‌ను కదలకుండా బిగిస్తారు. తానెక్కడుందో దానికి ముందే తెలుసు కాబట్టి, ఏ ఉపగ్రహం దూరం ఎన్ని మీటర్లు తేడాగా వస్తోందో ఇట్టే పట్టేస్తుంది. ఆ అంకెలను ప్రసారం చేస్తే చుట్టుపక్కల పడవల్లోని రిసీవర్లు కూడా తమ లెక్కలోంచి అంత తేడానూ తీసేస్తాయి. అమెరికా కోస్ట్ గార్డ్ ఇందుకు కొత్త టవర్లు కట్టలేదు. ఓడలకు దారి చూపే పాత రేడియో బీకన్లనే వాడుకుంది. మన లైట్‌హౌస్‌ల శాఖ కూడా తీరం వెంబడి ఇలాంటి కేంద్రాలే పెట్టింది.

అపోహ: ఎఫ్ఎంలో ఈ అంకెలు కలిపితే పాట పాడవుతుంది.

వాస్తవం: ఎఫ్ఎంలో మనకు వినిపించే శబ్దం 15 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. 19 దగ్గర స్టీరియో కోసం ఒక సన్నని స్వరం ఉంటుంది. దానికి సరిగ్గా మూడు రెట్లు, అంటే 57 దగ్గర, ఆర్‌డీఎస్ అనే చిన్న పాయ నడుస్తుంది. కారు రేడియో తెరపై స్టేషన్ పేరు వచ్చేది దీనివల్లే. వేగం సెకనుకు 1187.5 బిట్లు. ఒక ఫొటో పంపాలంటే గంటలు పడుతుంది గానీ, దిద్దుబాటు అంకెలకు చాలు. జర్మనీ, స్వీడన్ దీన్నే వాడాయి.

అపోహ: 2000 తర్వాత దీని అవసరం తీరిపోయింది.

వాస్తవం: ఆ ఏడాది మే 2న అమెరికా జీపీఎస్ సిగ్నల్‌లో తాను కావాలని కలుపుతున్న తప్పును ఆపేసింది. వంద మీటర్ల దాకా ఉండే తేడా పది మీటర్లకు అటూఇటూగా తగ్గింది. అయితే అయనావరణం అమెరికా ఆజ్ఞ వినదు. అయస్కాంత మధ్యరేఖ మన దక్షిణ కొసకు దగ్గరగా పోతుంది కాబట్టి ఇక్కడ దాని అలజడి మరీ ఎక్కువ. ఇస్రో, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి ఉపగ్రహాల ద్వారా దిద్దుబాటు పంపే గగన్ వ్యవస్థను తెచ్చినప్పుడు ఈ అలజడి కోసం ప్రత్యేక నమూనా తయారు చేసుకోవాల్సి వచ్చింది.

అపోహ: దిద్దుబాటు అందితే ఎక్కడైనా గురి తప్పదు.

వాస్తవం: అపార్ట్‌మెంట్ గోడకు తగిలి వచ్చిన సిగ్నల్ తప్పు మీ ఒక్కరిది. దూరాన ఉన్న కేంద్రానికి దాని సంగతే తెలియదు. కేంద్రానికి దూరమయ్యేకొద్దీ దిద్దుబాటు పదునూ తగ్గుతుంది.

2020లో అమెరికా తన బీకన్లను మూసేసింది. ఇప్పుడా పని ఉపగ్రహాలు, మొబైల్ డేటా చేస్తున్నాయి. అయినా వినేవాళ్లు పదిమందైనా పదివేలమందైనా రేడియో ప్రసారానికి అయ్యే ఖర్చు ఒకటే. ఈ పద్ధతిని పాతసామాను కింద జమకట్టేయడం తొందరపాటే.