ఇంటిపై సోలార్: ముందు పాత బిల్లులు తీయండి

ఇంటిపై సోలార్ పెట్టించమంటారా అని ఈ మధ్య చాలామంది రైతులు అడుగుతున్నారు. ముందు గత 12 నెలల కరెంటు బిల్లులు తీసి చూడమని చెబుతున్నాను. పొలం మోటారుకు కరెంటు ఎలాగూ ఉచితం కాబట్టి, ఇంటి పైకప్పు మీది ప్యానెళ్లతో తగ్గేది ఇంటి బిల్లే.

ఒక కిలోవాట్ ప్యానెళ్లు రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తాయి. అంటే 2 కిలోవాట్లకు నెలకు 240 యూనిట్ల దాకా వస్తాయి. ఖర్చు 1,20,000 రూపాయలు అనుకుందాం. పీఎం సూర్యఘర్ పథకంలో కిలోవాట్‌కు 30,000 చొప్పున 60,000 సబ్సిడీ పోగా, మీ చేతి నుంచి పడేది 60,000. మూడో కిలోవాట్‌కు సబ్సిడీ 18,000 మాత్రమే. మొత్తం 78,000 దాటదు.

నెలకు 250 యూనిట్లు వాడే ఇంట్లో బిల్లు వెయ్యి రూపాయలు తగ్గితే 60 నెలల్లో, అంటే ఐదేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుంది. ప్యానెళ్లు 25 ఏళ్లు పనిచేస్తాయి. ఇన్వర్టర్‌ను మాత్రం మధ్యలో ఒకసారైనా మార్చాల్సి రావచ్చు, ఆ ఖర్చూ కలుపుకోండి.

రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బులు, ఒక టీవీ ఉన్న ఇంటి సంగతి వేరు. తక్కువ వాడకానికి యూనిట్ ధరా తక్కువే. ఒక కిలోవాట్ పెట్టినా చేతి నుంచి 30,000 పడుతుంది. నెలకు 200 మిగిలితే అది తిరిగి రావడానికి పన్నెండున్నరేళ్లు. తెలంగాణలో గృహజ్యోతి కింద సున్నా బిల్లు వస్తున్న ఇంటికైతే తగ్గడానికి బిల్లే లేదు. అలాంటివారు ఆ డబ్బు డ్రిప్పుకో, పాడి పశువుకో పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం.

అప్పు విషయంలో మరీ జాగ్రత్త. సబ్సిడీ ముందుగా చేతికి రాదు. నెట్ మీటరు బిగించి, తనిఖీ పూర్తయ్యాకే మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. అప్పటిదాకా 1,20,000 నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 2,400 వడ్డీ. సబ్సిడీ వచ్చి సగం తీర్చినా ఇంకా నెలకు 1,200. మీకు మిగిలేది వెయ్యే! అప్పు తప్పదనుకుంటే ఈ పథకం కింద బ్యాంకులు తాకట్టు లేకుండా, తక్కువ వడ్డీకి ఇచ్చే రుణానికి దరఖాస్తు చేయండి.

కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగుల నీడ పడని జాగా కావాలి. కొబ్బరిచెట్టు నీడ మధ్యాహ్నం గంటసేపు పడినా దిగుబడి తగ్గుతుంది. దుమ్ము పేరుకోకుండా తరచూ నీళ్లతో కడగాలి. ఇంకోమాట, బ్యాటరీ లేని సోలార్ లైన్‌లో కరెంటు పోతే తానూ ఆగిపోతుంది. కోతల కోసమే పెట్టిస్తున్నామనుకునేవారు ఏజెంటును ఈ సంగతి ముందే అడగండి.