తాటిబెల్లము వండు తావులను వానాకాలమున చూడుడు

పేరాల, చీరాల, బాపట్ల ప్రాంతపు ఇసుక నేలలలో, పొలము గట్ల మీద తాటిచెట్లు విరివిగా గలవు. వాటి నీరాతో బెల్లము వండదలచినవారు ముందుగా ఆ పని చేయుచోటికి పోయి చూచి రావలెననుకొందురు. మంచిదే. కాని ఎప్పుడు పోవలెను?

పని సాగుచున్నప్పుడే అని చాలమంది చెప్పుదురు. నాసిక్‌లో ద్రాక్ష వైను కార్ఖానాలను చూడబోవువారు సైతము జనవరి, మార్చి నెలల నడుమ కోతకాలమునే కోరుదురు. మన గీత పని చలికాలము చివర ఊపందుకొని వేసవితో ముగియును. ఆ దినములలో గీతపనివారు ఉదయము, సాయంత్రము చెట్టెక్కి గెల కొన చెక్కవలెను. తెల్లవారుజామున దించిన నీరాను ఎండ ముదరకముందే పొయ్యికెక్కించవలెను. మీతో మాట్లాడుచు నిలిచినచో పాకము మాడును. వానాకాలమున పోయినచో కూర్చుండబెట్టి లెక్క చెప్పుదురు.

అన్నిటికంటె ముందు, గడచిన వేసవిలో వండిన బెల్లము చూపుమని అడుగుడు. వేసవిలో ఏ బెల్లమైనను గట్టిగానే కనబడును. శ్రావణ భాద్రపదముల తేమకు ఆగినదే మంచి బెల్లము. బుట్ట అడుగున పాకము కారుచున్నచో, నీరా పొయ్యికెక్కకముందే పులియ నారంభించినదేమోనని అనుమానింపవలెను. నీరాలోని తీపిలో అధికభాగము సుక్రోజు. పులియుట మొదలైనచో సూక్ష్మజీవులు దానిని గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొట్టును. ఇవి, ముఖ్యముగా ఫ్రక్టోజు, గాలిలోని తేమను పీల్చుకొనును. లొట్టి లోపల సున్నము పూయుట ఇందుకే. పూయనిచో నీరా పులిసి కల్లగును. సున్నము మితిమీరినచో బెల్లము నల్లబడి రుచి చెడును. ఎంత సున్నము, ఎట్లు వడగట్టుదురు అని విడిచిపెట్టక అడుగుడు. నిల్వలో లోపమున కూడ బెల్లము చెమ్మగిల్లవచ్చును గనుక, బుట్టలో ఉంచిరో, మూత బిగించిన డబ్బాలో ఉంచిరో తెలిసికొనుడు.

తరువాత చల్లారిన పొయ్యిని వంగి చూడుడు. మండుచున్నప్పుడు ఇది సాధ్యము కాదు. ఎనిమిది, పది పాళ్ళ నీరాకు సుమారు ఒక పాలు బెల్లము వచ్చును. తక్కినదంతయు ఆవిరిగా పోవలసినదే. కనుక వంటచెరకు కొనవలసివచ్చినచో లాభమంతయు పొయ్యిలోనే కాలిపోవును. కమ్మలు, సరుగుడు రెమ్మలు మీ పొలములోనే ఎన్ని బండ్లు దొరకునో లెక్కించుకొనుడు.

చెట్ల లెక్కకును ఇదియే అదను. పండ్లున్న చెట్టు ఆడుదని తెలియును. తాడి పూతకు రావలెనన్న సుమారు 12 నుండి 15 ఏండ్లు పట్టును. అంతవరకు ఆడ, మగ గుర్తింపలేము. లేత చెట్లను చూచి ఆదాయము లెక్కవేయకుడు. నచ్చిన చెట్టు కనబడినచో రాలిన టెంకలు తెచ్చుకొనుడు, అడుగుట మీ ధర్మము!

ఇక ఎక్కువారి సంగతి. నా యెరుకలో బెల్లపు పనికి పెనము కంటె మనుష్యుల కొరతయే పెద్ద చిక్కు. ఒక్కరు ఎన్ని చెట్లు గీయగలరు, వచ్చే ఏడు వత్తురా, వారి పిల్లలు మోకు పట్టుచున్నారా అని అడుగుడు. జవాబు సరిగా లేనిచో పెనము కొనవద్దు. తూర్పు కనుమల దాపున పందిరిమామిడి ఉద్యాన పరిశోధనా స్థానములో తాటిపై పరిశోధన జరుగుచున్నది. వీలున్నవారు అక్కడికిని పోయి రావచ్చును.

నీరా తీయుటకు కావలసిన అనుమతులను గూర్చి ఎక్సైజు కార్యాలయములో గీత మొదలగుటకు చాల ముందే విచారింపవలెను. గ్రామాధికారులు ఈ విషయమున రైతులకు తోడు పోవుట మంచిది.