నీవెవరివి? ఏం పని చేస్తున్నావు?

ఎల్లారెడ్డి బస్టాండులో ఒక యౌవనస్థుణ్ణి “ఎవరి కొడుకువు బిడ్డా?” అని అడగండి. తండ్రి పేరు, ఊరి పేరు గట్టిగా చెబుతాడు. “ఏం పని చేస్తున్నవు?” అంటే మాత్రం గొంతు తగ్గుతుంది. ఎందుకు తగ్గుతుందో ఈ పూట ఆలోచిద్దాం.

‘నేనెవరిని’ అనే ప్రశ్న యౌవనంలోనే బలంగా ఎదురవుతుందని ఎరిక్ ఎరిక్సన్ 1950లో అచ్చయిన తన గ్రంథంలో వివరించాడు. ఆయనకు కన్నతండ్రి ఎవరో తెలియదు. ఎరిక్సన్ అన్న ఇంటిపేరు తనకు తానే పెట్టుకున్నాడు. ఆ ప్రశ్న ఆయనకు పుస్తకాల్లో దొరికింది కాదు! తరువాత 1966లో జేమ్స్ మార్సియా రెండు సంగతులు చూడమన్నాడు: ఈ యువకుడు తన దారిని వెదికాడా? ఏదైనా ఒకటి నిశ్చయించుకున్నాడా? వెదకకుండానే నిశ్చయించుకున్నవారూ ఉంటారు. పెద్దలు చూపించిన పనినే తనదనుకొని చేరిపోతారు.

మన ప్రాంతంలో ఇది కొత్త కాదు. పోచారం ప్రాజెక్టు కింద పొలమున్నవాని కొడుకు పొలానికి, బీడీలు చుట్టే తల్లి కూతురు చాటకు. లేకపోతే గల్ఫ్. అక్కడ ఏ పని చేయాలో విసా కాగితం మీద ముందే రాసి ఉంటుంది. బీడీ కార్మికురాలికి గుర్తింపు కార్డు ఉంటుంది, కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. కార్డు ఆమె పనిని గుర్తిస్తుంది. ఆమె ఎవరో చెప్పదు.

మరి పనిలో మనసెప్పుడు నిలుస్తుంది? 1990లో విలియం కాన్ అనే పరిశోధకుడు వేసవి శిబిరంలో పిల్లలను చూచుకునేవారినీ, భవనాల నమూనాలు గీసే ఒక సంస్థలోని ఉద్యోగులనూ పరిశీలించాడు. ఈ పనికి అర్థముందా? నేను నేనుగా ఉంటే నాకు హాని జరగదు కదా? ఇప్పుడు నాలో శక్తి మిగిలి ఉందా? ఈ మూడింటికీ లోపల ఔననిపించినప్పుడే మనిషి తనను పనిలో పెడతాడన్నాడు. అదే మనిషి ఒక గంట నిమగ్నమై, మరో గంట బొమ్మలా ఉండిపోవడం కూడా ఆయన చూశాడు. గనుక “వీడు సోమరి” అని తీర్పు చెప్పడానికి తొందరపడకండి.

దుకాణంలో కునుకుతీసే అబ్బాయే క్రిస్మస్ నక్షత్రం కట్టే రాత్రి తెల్లవార్లూ నిచ్చెన దిగడు. అక్కడ జీతం లేదు. వైరు ఎక్కడ తెగిందో వాణ్ణే అడుగుతారు, తప్పు కట్టినా ఎవరూ తిట్టరు. తెల్లవారి దుకాణానికి పోతే “ఒరేయ్, ఇటు రా” అని పిలుస్తారు, పేరుతో కాదు.