శుక్లం తీయించుకున్న తరువాత

మా పెద్దమ్మకు శుక్లం ఆపరేషను దివ్యంగా జరిగింది. మరునాడు కట్టు విప్పగానే, ఎదుటి గోడమీది క్యాలెండరులో తిథి చదివి అందరినీ ఆశ్చర్యపరచింది. నాలుగోనాటి రాత్రి కన్ను సలపడం మొదలైంది. ‘కోసిన కన్ను సలపదూ?’ అనుకుని, అర్ధరాత్రి పిల్లల్ని లేపడం ఎందుకని ఊరుకుంది. తెల్లవారి అడిగితే, “కాస్త మసకగా ఉంది, అంతే” అంది. మరో రోజు గడిచింది. ఆస్పత్రికి తీసుకువెళ్ళేసరికి కంటి లోపల చీము చేరింది. డాక్టర్లు కన్ను నిలబెట్టారు గాని, తిథి చదివిన ఆ చూపు మళ్ళీ రాలేదు.

ఈ జబ్బు పేరు ఎండాఫ్తాల్మైటిస్. సాధారణంగా వెయ్యిమందిలో ఒకరిద్దరికి మించి రాదు. కాని వచ్చిందంటే ప్రతి గంటా విలువైనదే. చాలావరకు మొదటి వారం రెండువారాలలోనే బయటపడుతుంది.

ఇంతకూ ఈ క్రిములు ఎక్కడివి? పరికరాలో, మందులో కలుషితమైతే రావచ్చు. కాని చాలాసార్లు అవి రోగి కనురెప్పలమీద ఎప్పుడూ ఉండేవే. బయట ఉన్నంతసేపు వాటివల్ల హాని లేదు. కోతగుండా లోపలికి చేరితే కొంప ముంచుతాయి. అందుకే ఆపరేషనుకు ముందు పోవిడోన్ అయోడిన్ మందుతో కంటిని శుద్ధి చేస్తారు. ఆపరేషను చివర కంటిలోకి సెఫురాక్సిం ఎక్కిస్తే ప్రమాదం సుమారు అయిదోవంతుకు తగ్గుతుందని 2007లో వెలువడిన ఐరోపా పరిశోధన తేల్చింది.

ప్రమాదం ఎవరికి ఎక్కువ? మధుమేహం ఉన్నవారికి, బాగా వయసు మళ్ళినవారికి, రెప్పల అంచులు వాచి పుసికట్టేవారికి, కన్నీటి తిత్తిలో చీము ఉన్నవారికి. ఆపరేషనులో కటకం వెనుకనుండే పలుచని పొర చిరిగినా, కోత సరిగా మూసుకోకపోయినా ప్రమాదమే. ఈ చివరి రెండూ డాక్టరు చూసుకోవలసినవి. చక్కెరజబ్బు సంగతీ, పుసి సంగతీ దాచకుండా ముందే చెప్పవలసినది మనం. వాటిని అదుపులోకి తెచ్చుకునేందుకు ఆపరేషను నాలుగువారాలు వాయిదాపడినా నష్టం లేదు.

ఇంటికి వచ్చాక, చుక్కలమందు వేసే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. సీసా కొన రెప్పకు తగలనీయకండి. డాక్టరు సరే అనేవరకు తలంటు మాట తలపెట్టవద్దు. చనుబాలు, తేనె, ఆకుపసర్లు అసలే వద్దు.

రోజురోజుకూ నొప్పి తగ్గాలి, చూపు తేటపడాలి. నొప్పి, ఎరుపు పెరిగి చూపు మసకబారితే తెల్లవారేదాకా ఆగక ఆస్పత్రికి వెళ్ళాలి.

పెద్దలు మనకు శ్రమ ఎందుకని నోరు విప్పరు. వారు చెప్పేదాకా కాచుకోకండి. రోజూ పొద్దున రెండో కన్ను మూయించి, ఆపరేషనయిన కంటితో క్యాలెండరు చదివించండి. నిన్న చదివిన తిథి ఇవాళ చదవలేకపోతే, అదే మీకు హెచ్చరిక.