నక్క తినని మందు... నక్కను చంపింది!

నక్కంటేనే జిత్తులమారి. మనిషి అలికిడి వినిపిస్తే చాలు, పొదల్లోకి మాయమైపోతుంది. అలాంటిది 1959 చలికాలంలో ఇంగ్లండ్ తూర్పు జిల్లాల్లో నక్కలు పట్టపగలే బయట తిరగడం మొదలుపెట్టాయి. మనుషులు దగ్గరికెళ్లినా పారిపోయేవి కావు. మత్తెక్కినట్టు, కళ్లు సరిగ్గా కనిపించనట్టు ఒకేచోట గుండ్రంగా తిరిగేవి. చివరికి మూర్ఛ వచ్చినట్టు గిలగిలా కొట్టుకుని ప్రాణాలు వదిలేవి. ఆ నవంబరు నుంచి 1960 ఏప్రిల్ దాకా లెక్కతేలినవే 1300!

ఈ సంగతి మీద ముందుగా గగ్గోలు పెట్టినవాళ్లలో నక్కల వేటగాళ్లూ ఉన్నారు. గుర్రాలెక్కి, వేటకుక్కల్ని వెంటేసుకుని నక్కను తరమడం అప్పట్లో అక్కడి సంపన్నులకు తరతరాల సరదాగా ఉండేది. నక్కల్ని చంపేవాళ్లే నక్కలు చచ్చిపోతున్నాయని బెంగపడటం విడ్డూరమే మరి! మొదట్లో అందరూ ఇదేదో కొత్త వైరస్ అనుకున్నారు. కానీ అసలు దోషి పొలంలో ఉంది.

పావురాల కడుపులో...

అక్కడ గోధుమ మొలకల్ని తొలిచేసే ఓ ఈగ పురుగు రైతులను బాగా ఏడిపించేది. దాన్ని వదిలించుకోవడానికి 1956 ప్రాంతం నుంచి ఆల్డ్రిన్, డీల్డ్రిన్, హెప్టాక్లోర్ లాంటి మందులతో విత్తనశుద్ధి చేయసాగారు. పురుగు చచ్చింది, పంట దక్కింది. రైతు తప్పేమీ లేదు. అయితే విత్తేటప్పుడు మట్టి కప్పకుండా పైనే మిగిలిపోయే గింజలు కొన్ని ఉంటాయి కదా... వాటికోసం అడవి పావురాలు గుంపులుగా వాలేవి. మందు తలకెక్కి ఎగరలేక నేలమీద కూలబడేవి. నక్కకు అంతకంటే సులువైన భోజనం ఏముంటుంది? ఇవాళ ఒకటి, రేపు రెండు. ఒక్కో పావురంలో ఉన్న విషం కొంచెమే. కానీ నక్క తిన్నది ఒక్కదాన్ని కాదు!

ఈ మందులతో వచ్చిన చిక్కంతా ఇక్కడే. ఇవి నీళ్లలో కరగవు, కాబట్టి మూత్రంతో సులువుగా బయటికి పోవు. కొవ్వులో మాత్రం ఇట్టే కరిగి అక్కడే తిష్ఠ వేస్తాయి. ఆల్డ్రిన్ అయితే మట్టిలోనూ ఒంట్లోనూ డీల్డ్రిన్‌గా మారిపోతుంది. జంతువు బాగా తిని బలిసినన్నాళ్లూ ఏమీ తెలియదు. చలికి, ఆకలికి ఒంట్లో దాచుకున్న కొవ్వు కరగడం మొదలైతే అందులోని విషమూ రక్తంలోకి దిగి మెదడుకు చేరుతుంది. అప్పుడు వణుకు, మూర్ఛ, మరణం. నక్కలే కాదు, బ్యాడ్జర్లూ ఇలాగే పోయాయి.

మన పల్లెల్లో ఒకప్పుడు పురుగుమందు అంటే గుర్తొచ్చే పేరు ఎండ్రిన్. డీల్డ్రిన్ దానికి కవల సోదరి లాంటిది. రెండింటి అణువుల్లోనూ ఉండే పరమాణువులు అవే, అమరికే వేరు.

వేటగాళ్ల చిట్టాలు

నక్కలు కళ్లెదుటే చచ్చాయి కాబట్టి గొడవ పార్లమెంటుదాకా వెళ్లింది. వసంతకాలపు విత్తనాలకు ఈ మందులు పట్టించకూడదని 1961లో ఒప్పందం కుదిరింది. నీటికుక్కల కథ వేరు. అవి చడీచప్పుడు లేకుండా నదుల్లోంచి మాయమయ్యాయి. ఎప్పటినుంచి, ఎందుకు అన్నది చాలాకాలం తేలలేదు. ఆ ముడి విప్పింది కూడా వేటగాళ్లే, తెలియకుండానే! నీటికుక్కల్ని వేటాడే బృందాలు ఎన్నిసార్లు వెళ్లిందీ, ఎన్ని కనిపించిందీ శ్రద్ధగా రాసిపెట్టుకునేవి. పాల్ చానిన్, డాన్ జెఫరీస్ అనే శాస్త్రవేత్తలు ఆ చిట్టాలన్నీ తిరగేసి 1978లో ఫలితాలు ప్రకటించారు. 1957-58 నుంచే అంకెలు ఒక్కసారిగా పడిపోయాయి. అంటే, విత్తనశుద్ధి మందులు వచ్చిన ఏడాది రెండేళ్లకే అన్నమాట. గొర్రెల ఒంటిమీది పురుగులు పోవడానికి వాడిన డీల్డ్రిన్ కూడా వాగుల్లోకి చేరింది. నీళ్లలోంచి చేపకు, చేపలోంచి నీటికుక్కకు.

ఆ మందుల వాడకాన్ని బ్రిటన్ ఒక్కసారిగా ఆపలేదు. ఒక్కో పనికీ విడివిడిగా తగ్గించుకుంటూ వచ్చింది. నీటికుక్కలు తిరిగి రావడానికీ అంతే కాలం పట్టింది. అన్నిటికంటే చివరగా కెంట్‌లోనూ వాటి జాడ దొరికిందని, ఇంగ్లండ్‌లోని ప్రతి కౌంటీలోనూ ఇప్పుడవి ఉన్నాయని 2011లో ప్రకటించారు. ఈలోగా 2001లో కుదిరిన స్టాక్‌హోమ్ ఒప్పందం 12 మొండి రసాయనాలను నల్లజాబితాలో పెట్టింది. ఆల్డ్రిన్, డీల్డ్రిన్, ఎండ్రిన్, హెప్టాక్లోర్ నాలుగూ అందులో ఉన్నాయి. 2006లో మన దేశమూ ఆ ఒప్పందాన్ని ఆమోదించింది.

ఇంగ్లండ్, వేల్స్ రోడ్లమీద వాహనాల కింద పడి చచ్చిన నీటికుక్కల్ని ఇప్పుడు కార్డిఫ్ విశ్వవిద్యాలయానికి పంపిస్తున్నారు. అక్కడ వాటి కాలేయాలను పరీక్షిస్తారు. డీల్డ్రిన్ భయం తగ్గింది కానీ పీఫాస్ అనే కొత్త అతిథి వచ్చింది. అంటుకోని పెనాలు, నీళ్లు ఇంకని బట్టలు, మంటలార్పే నురగ... వీటన్నిటిలో వాడే రసాయనాల కుటుంబమిది. పరీక్షించిన ఒక్క నీటికుక్కను కూడా అది వదిలిపెట్టలేదు.