వెనక్కి తిరగని ఇన్‌పుట్

1970 ప్రాంతంలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో, పీడీపీ-7 కంప్యూటర్ మీద యూనిక్స్ ఇంకా పురిటిలో ఉండగా ఒక వింత తప్పు బయటపడింది. రెండు ఆదేశాలను ఒక ఫైలులో రాసి నడిపి, వాటి ఫలితాన్ని ఇంకో ఫైలుకు మళ్ళిస్తే, రెండోదాని ఫలితం మొదటిదాని మీదే పడేది. ఫైలులో ఎక్కడిదాకా వచ్చామో చెప్పే స్థాన సూచిక ప్రతి ప్రాసెస్‌కూ విడిగా ఉండేది. మొదటి ప్రోగ్రాం ముగిస్తే అది చేరిన చోటూ దానితోనే పోయేది. సూచికలన్నిటినీ కెర్నల్‌లో ఒక ఉమ్మడి పట్టికలోకి తెచ్చాక చిక్కు విడిపోయిందని డెన్నిస్ రిచీ తర్వాత రాశారు. తల్లి ప్రాసెస్, పిల్ల ప్రాసెస్ ఒకే సూచికను పంచుకోవడం అలా మొదలైంది. ఈ ఒక్క నిర్ణయం తెలియకపోతే ఇన్‌పుట్ మళ్ళింపులో వచ్చే సగం తప్పులు అర్థం కావు.

1973లో ఒక ప్రోగ్రాం ఫలితాన్ని నేరుగా ఇంకోదానికి అందించే పైపు వచ్చింది. డగ్ మెక్‌ల్‌రాయ్ 1964 నుంచీ కోరుతున్నదాన్ని కెన్ థాంప్సన్ యూనిక్స్‌లో అమర్చారు. పైపుకు సూచికే లేదు. చదివిన బైటు పోయినట్టే. అక్కడ సూచికను జరిపే (సీక్ చేసే) ఎల్‌సీక్‌ను పిలిస్తే లినక్స్‌లోనైనా మ్యాక్‌లోనైనా 29వ నంబరు తప్పు, ఈఎస్‌పైప్, వస్తుంది.

తప్పు సందేశం వస్తే అదృష్టమే. ఫైలులోని మొదటి పంక్తిని హెడ్ ప్రోగ్రాంకు, మిగతాదాన్ని క్రమంలో పెట్టే సార్ట్‌కు ఇచ్చే ఆదేశం చూడండి. ఫైలును నేరుగా మళ్ళిస్తే గ్నూ హెడ్ ఒక ముక్క చదివి, పంక్తి చూపించి, ఎక్కువ చదివినంత మేరకు సూచికను వెనక్కి జరుపుతుంది. సార్ట్ సరిగ్గా అక్కడి నుంచి అందుకుంటుంది. అదే ఫైలును క్యాట్ ప్రోగ్రాం ద్వారా పైపులో పంపితే, ఆ ఎక్కువ చదివిందంతా మాయం. సందేశమేమీ ఉండదు. తప్పు హెడ్ దగ్గర జరిగితే, మనం సార్ట్‌ను అనుమానిస్తాం.

1983లో వచ్చిన ఎంఎస్-డాస్ 2.0 మరో దారి పట్టింది. ఒకేసారి రెండు ప్రోగ్రాంలు నడపలేదు కనుక మొదటిదాని ఫలితాన్నంతా తాత్కాలిక ఫైలులో దాచి, తర్వాత రెండోదానికి ఇచ్చేది. కాబట్టి అక్కడ పైపులోనూ సీక్ పనిచేసేది! ఆ అలవాటుతో రాసిన ప్రోగ్రాం, నిజమైన పైపులున్న విండోస్ ఎన్‌టీకి వచ్చేసరికి విఫలమయ్యేది. విండోస్‌లో ఇంకో చిక్కూ ఉంది. టెక్స్ట్ మోడ్‌లో పంక్తి చివరి రెండు గుర్తులు ఒకటైపోతాయి కనుక, మనం లెక్కపెట్టిన బైట్లకూ ఫైలులోని స్థానానికీ పొంతన కుదరదు. అందుకే ఇన్‌పుట్‌లో వెనక్కి వెళ్ళాల్సిన ప్రోగ్రాం, విండోస్‌లో ముందు ఇన్‌పుట్‌ను బైనరీ మోడ్‌లోకి మార్చాలి.

తర్వాత ఉన్నచోటి నుంచి సున్నా దూరం జరపమని ఎల్‌సీక్‌ను అడగాలి. కుదరదంటే డేటా మొత్తాన్ని తాత్కాలిక ఫైలులోకి దింపుకోవాలి. సరేనన్నా నమ్మేయకూడదు. సీక్ చేయలేని పరికరాల్లో ఏం జరగాలో పాసిక్స్ ప్రమాణం ఆయా వ్యవస్థలకే వదిలేసింది. అందుకే అది మామూలు ఫైలేనా అని యూనిక్స్‌లో ఎఫ్‌స్టాట్‌తో, విండోస్‌లో గెట్‌ఫైల్‌టైప్‌తో కూడా చూసుకోవాలి.