వారానికొక బొమ్మ

చేతిలో సెల్ ఫోను ఉన్న ప్రతివాడూ ఈనాడు ఛాయాగ్రాహకుడే. పెళ్ళిపందిట్లో విస్తరి ముందు కూర్చున్నవాడు పప్పు కలుపుకోకముందే ఒక ఫోటో తీస్తాడు. రైలు ఎక్కినవాడు ఒకటి, దిగినవాడు ఒకటి. ఇలా తీసిన బొమ్మలు వేలకు వేలు పేరుకుపోతున్నాయి. వాటిలో మళ్ళీ తీరికగా చూసుకునేవి ఎన్ని? వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. తీయటం తేలికైన కొద్దీ చూడటం తగ్గింది కాబోలు!

ఈ వరదకు తమంతట తామే గట్టు వేసుకున్నవారు కొందరున్నారు. వారానికి ఒక విషయం, ఒక బొమ్మ. అంతకు మించి లేదు. ఏడాది తిరిగేసరికి 52 బొమ్మలు. లోకంలో ఎన్నో దేశాలలో ఔత్సాహికులు పాటిస్తున్న వ్రతమే ఇది. ఏలూరు పక్కన మా వట్లూరులో కూడా అటువంటి వ్రతధారి ఒకరున్నారు. వారు నాకు మిత్రులు. బ్యాంకులో లెక్కలు చూసే ఉద్యోగం. పేరు చెప్పవద్దన్నారు గనుక చెప్పను.

వారి పద్ధతి ఇది. సోమవారం నాడు ఒక చీటీమీద ఆ వారపు విషయం రాసుకుంటారు. ఒక వారం ‘చేతులు’. ఆ వారం ఏలూరులో మగ్గం ముందు కూర్చుని ఉన్ని తివాచీకి ముడులు వేస్తున్న వేళ్ళు దొరికాయి. ఇంకొక వారం ‘ఒకే రంగు’. తాడేపల్లిగూడెం వెళ్ళి మార్కెట్‌లో ఉల్లిపాయల బస్తాల నడుమ నిలబడ్డారు. మరొక వారం ‘ఎదురుచూపు’. అందుకు వట్లూరు స్టేషనే చాలింది. ఎక్స్‌ప్రెస్ బండ్లు ఆగకుండా దూసుకుపోతుంటే ప్యాసింజరు కోసం బల్లమీద కూర్చున్న ముసలమ్మ ఒకరు కనిపించారు. ఆదివారం ఉదయం తీయటం, సాయంత్రం దిద్దటం, రాత్రికి ఒక్కటి ఎంచి మిగిలినవి తుడిచివేయటం. ‘తీయటంకంటే తుడిచివేయటమే కష్టం మాస్టారూ’ అంటారాయన.

ఉద్యోగం చేసుకుంటూ సరదాకు కెమెరా పట్టినవాళ్ళను చిన్నచూపు చూడనక్కరలేదు. నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ కథ చూడండి. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో మరామతు శాఖలో చేరాడు. 1874 ప్రాంతంలో సరదాకు కెమెరా పట్టాడు. పెద్ద పెద్ద గాజు పలకలు, బరువైన కెమెరా, మూడుకాళ్ళ పీట, మందుల సీసాలు మోసుకుంటూ కోటలూ గుళ్ళూ తిరిగాడు. ఆ సరదాయే ఆయనను ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువుకు చేర్చింది. సికింద్రాబాదులో ఆయన స్టూడియో వెలిసింది. నేడు వెనుకటి హైదరాబాదు ఎలా ఉండేదని అడిగితే మనం తిరగవేసేది ఆయన బొమ్మలనే.

మా మిత్రుని ఆదివారాలలో ఎక్కువ భాగం కొల్లేటివే. తెల్లవారకముందే కైకలూరు దగ్గరి ఆటపాక చేరుకుంటారు. అక్కడ గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వేల సంఖ్యలో గూళ్ళు కడతాయి. నల్లని నీటిమీద తెల్లని పక్షి. కంటికి ఎంత సొగసు! కెమెరాకు మాత్రం అదొక చిక్కు. కెమెరాలో వెలుతురు కొలిచే యంత్రం లోకమంతా బూడిదరంగులో ఉంటుందనే లెక్కతో పనిచేస్తుంది. బొమ్మలో నీటి నలుపు ఎక్కువైతే ‘చీకటిగా ఉంది’ అనుకుని వెలుతురు పెంచుతుంది. అప్పుడు పక్షి రెక్కలమీది ఈకలన్నీ కలిసిపోయి సున్నం కొట్టిన గోడవలె వస్తాయి. అందుకని వెలుతురును ఒక మెట్టు తగ్గించి తీయాలి. నీరంతా పొగమంచుతో తెల్లగా ఉన్న రోజున ఇందుకు తారుమారు. ఒక మెట్టు పెంచాలి. ఎగిరే పక్షికైతే సెకనులో వెయ్యోవంతుకు మించకుండా కెమెరా కన్ను తెరిచి మూయాలి. లేకుంటే రెక్కలు అలికినట్లు వస్తాయి.

సాయంత్రం దిద్దుబాటు. మొదటి పని గీత సరిచేయటం. చెరువు బొమ్మలో నీటి అంచు కొంచెం వాలినా నీళ్ళు ఒలికిపోతున్నట్లుంటుంది. తరువాత అనవసరమైన అంచులు కత్తిరించటం. ఆ పైన మంచువల్ల పాలిపోయిన బొమ్మలో నలుపును నలుపుగా, తెలుపును తెలుపుగా నిలబెట్టటం. అసలు బొమ్మను అలాగే భద్రపరచి నకలుమీదనే ఈ పనులన్నీ చేస్తారు. ఇది చక్కని అలవాటు. వ్రాతప్రతిమీద గీతలు గీసే పండితుడు మూలాన్ని పాడు చేయడు కదా!

దిద్దుబాటు కంప్యూటరుతో పుట్టిన విద్య కాదు. పాత స్టూడియోలలో సూదివలె చెక్కిన పెన్సిలుతో నెగటివుమీద గీతలు గీసే పనివాళ్ళు ఉండేవారు. ముఖంమీది ముడత నెగటివులో పలుచగా, తేటగా ఉంటుంది. అక్కడ పెన్సిలు రాస్తే కాగితంమీద ముడత మాయం. పెళ్ళిచూపులకు పంపే ఫోటోలలో ఎందరి స్ఫోటకపు మచ్చలు ఇలా చెరిగిపోయాయో! ఎర్రదీపపు గదిలో కాంతికి చేయి అడ్డుపెట్టి ఒకచోట తెలుపు, మరొకచోట నలుపు తేవటం కూడా పాత విద్యే. 1850 తరువాత ఫ్రాన్సులో గుస్తావ్ లెగ్రే అనే ఆయన ఆకాశానికి ఒక నెగటివు, సముద్రానికి ఒక నెగటివు తీసి రెండూ కలిపి ఒకే బొమ్మగా అచ్చువేశాడు. ఆనాటి మందులకు రెండింటి వెలుతురునూ ఒకేసారి పట్టే శక్తి లేకపోవటమే అందుకు కారణం.

అమెరికాలో స్టీవెన్ శాసన్ 1975లో తయారుచేసిన తొలి డిజిటల్ కెమెరా పదివేల చుక్కల నలుపు తెలుపు బొమ్మను టేపుమీద ఎక్కించటానికి 23 సెకన్లు తీసుకునేది. 1990లో నోల్ సోదరుల ఫోటోషాప్ వచ్చింది. ఈనాడు బొమ్మలో ఒక స్తంభం మీద వేలు పెట్టి ‘తీసివెయ్’ అంటే చాలు, ఫోనే తీసివేసి ఆ వెనుక ఆకాశం ఎలా ఉండి ఉంటుందో ఊహించి పూరిస్తున్నది. చేతిలో ఇంత శక్తి ఉన్నప్పుడే, ఎక్కడ ఆగాలనే ప్రశ్న పుడుతుంది.

మా మిత్రునికి ఆ ప్రశ్న ఆటపాకలోనే ఎదురైంది. ఒక వారం గూడబాతు పిల్లకు మేత పెడుతున్న బొమ్మ అద్భుతంగా కుదిరింది. కాని గూడు ఇనుప మంచెమీద ఉంది. గూళ్ళకు చాలినన్ని చెట్లు లేక అటవీశాఖవారు నీటిలో నిలబెట్టిన మంచెలవి. తుప్పు పట్టిన ఆ ఊచలు బొమ్మ అందం చెడగొడుతున్నాయని ఆయన వాటిని చెరిపి కొమ్మలు చేర్చారు. పోటీకి పంపుదామనుకున్నారు. మరుసటి ఆదివారం పడవ నడిపే పెద్దాయనకు ముచ్చటగా చూపించారు.

‘బాగుంది బాబూ. మంచె ఏది?’ అన్నాడాయన.

‘అందంగా లేదని తీసేశాను తాతా.’

‘తీసేస్తే పిట్ట ఎక్కడ కూచున్నట్టు? ఈ బొమ్మ చూసినోళ్ళు కొల్లేటినిండా చెట్లున్నాయనుకుంటారు. ఇంక చెట్లు నాటేదెవరు బాబూ?’

ఆ మాట ఆయనను వారమంతా వదలలేదు. ప్రకృతి ఛాయాచిత్రాల అంతర్జాతీయ పోటీలలోనూ నియమం అదేనట. వెలుతురు సవరించవచ్చు, అంచులు కత్తిరించవచ్చు. ఉన్నదాన్ని తీయరాదు, లేనిదాన్ని చేర్చరాదు. చివరకు మంచెతో ఉన్న అసలు బొమ్మనే పంపారు. బహుమతి రాలేదు. ఆ వారపు పుటలో మాత్రం ఆ బొమ్మే ఉంది.

ఆ తాత మాటలో పెద్ద సత్యమే ఉంది. 1982లో ఒక ప్రఖ్యాత అమెరికన్ పత్రిక నిలువు అట్టకు సరిపోవటం లేదని ఈజిప్టు పిరమిడ్లను బొమ్మలో కొంచెం దగ్గరకు జరిపింది. లోకం ముక్కుమీద వేలు వేసుకుంది. అయినా అక్కడ జరిగింది బొమ్మలోని పిరమిడ్లే; ఎడారిలోనివి కదలలేదు. మన కొల్లేరు అలా కాదు. అది నిజంగానే మారుతూ వచ్చింది. 1999లో వన్యప్రాణి సంరక్షణ ప్రాంతమైంది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యంగల చిత్తడినేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. అయినా చేపల చెరువుల గట్లు దానిని ముక్కలు చేస్తూనే ఉన్నాయి. 2006లో ప్రభుత్వం యంత్రాలు తెచ్చి ఆ గట్లు పగలగొట్టించింది. గట్టు పోయినచోట నీరు వచ్చింది. చెరువుమీద బ్రతికినవాడికి కన్నీరూ వచ్చింది. బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చే నీరు ఇక్కడ నిలిచి, ఉప్పుటేరు దారిన సముద్రానికి పోవాలి. ఆ బుడమేరే 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచింది.

ఇటువంటి చోట ఒకే గట్టుమీద నిలబడి, ఒకే దిక్కుకు తిరిగి, వారం వారం తీసిన బొమ్మకు విలువ ఎంతో ఆలోచించండి. నీరు ఎంతవరకు వచ్చింది, గుర్రపుడెక్క ఎంత మేర అల్లుకుంది, ఏ నెలలో ఏ పక్షి దిగింది, కొత్త గట్టు ఎప్పుడు లేచింది — అన్నీ అందులో ఉంటాయి. సాక్షి చూసింది చూసినట్లు చెబితేనే సాక్షి. ఊచలు తీసివేసిన బొమ్మ అందమైన దొంగసాక్ష్యం.

అలాగని దిద్దుబాటు తప్పని నా అభిప్రాయం కాదు. పద్యం చెప్పేవాడు యతిప్రాసలు చూసుకోడా? మంచువల్ల కంటికి దక్కనిది తిరిగి కంటికి తేవటం దిద్దుబాటు. కళ్ళెదుట ఉన్నదానిని లేదనిపించటం వేరే పని. కావాలంటే ఊహాచిత్రమని పేరుపెట్టి ఎన్ని వింతలైనా కల్పించవచ్చు. పేరు పెట్టిన కల్పనవల్ల ఎవరికీ నష్టం లేదు.

ఈ వ్రతం చేపట్టాలనుకునే వారికి పెద్ద కెమెరా అక్కరలేదు. జేబులోని ఫోను చాలు. సోమవారం ఒక మాట రాసుకోండి. వారమంతా దానికోసం కళ్ళు తెరచి తిరగండి. ఆదివారం ఒక్కటి ఉంచి తక్కినవి తుడిచివేయండి. ఉంచిన దాని కింద తేదీ, ఊరి పేరు తప్పక రాయండి. మన మనుమలు ఆ పుటలు తిప్పినప్పుడు బొమ్మ ఎంత బాగా కుదిరిందని అడగరు. ఆనాడు ఇక్కడ నీళ్ళు ఉండేవా అని అడుగుతారు. అందుకు జవాబు ఆ బొమ్మలో ఉండాలి.